గ్రెయిన్ జాతకం: మాడ్యులర్ సింథ్ కోసం ఒక గ్రాన్యులర్ శాంప్లర్ కట్టిన వైనం

రికార్డింగును ఎన్ని ముక్కలుగా కోయాలో నిర్ణయించే నాబ్‌ను 16 మీదో 32 మీదో పెడితేనే శబ్దం చిటపటలాడేది. 12 మీద శుభ్రం. 23 మీద శుభ్రం. 7 మీద కూడా శుభ్రమే. పని ఎక్కువై ప్రాసెసర్ ఆగిపోతోందనుకుందామంటే, 16 దగ్గర కంటే 23 దగ్గర పని తక్కువేమీ కాదు. మూడు రోజులు ఆ చిటపటల వెంట తిరిగాను. ఆ సంగతి కొంచెం ఆగి చెబుతాను. ముందు ఆ మాడ్యూల్ ఏమిటో, ఎందుకు కట్టాల్సి వచ్చిందో చెప్పాలి.

అడిగింది ఒక గాయని. వేదిక మీద ఒక్కరే నిలబడి, తన గొంతుకు చిన్న మాడ్యులర్ సింథసైజర్‌ను (విడివిడి మాడ్యూళ్లను తీగలతో కలిపి వాడే విద్యుత్ వాద్యం) తోడు చేసుకుని కచేరీ చేస్తారు. ముందే రికార్డు చేసుకున్న ఆలాపనను కార్డులోంచి ఎక్కించుకోవాలి, లేదా అప్పటికప్పుడు మైకులోంచి పట్టుకోవాలి. అందులో ఎక్కడ కావాలంటే అక్కడ ఆపి, ఒక్క ‘ఆ’కారాన్ని నిమిషాల తరబడి సాగదీయగలగాలి. సీక్వెన్సర్ (స్వరాలను వరసగా పంపే పరికరం) ఏ స్వరం అడిగితే ఆ స్వరంలో పలకాలి. ఒక్కో ట్రిగ్గర్‌కు (మొదలుపెట్టమనే విద్యుత్ సంకేతం) ఒక్కో తునక మాత్రమే వినిపించే వీలూ ఉండాలి. “గరుకుగా ఉన్నా ఫరవాలేదు, అపశ్రుతి మాత్రం పనికిరాదండీ” అన్నారు. ఆ చివరి షరతు ఎంత పని పెట్టబోతోందో ఆ రోజు నాకు తెలియదు.

గ్రాన్యులర్ పద్ధతి తెలియనివారికి రెండు మాటలు. రికార్డు చేసిన శబ్దాన్ని మొదటి నుంచి చివరి దాకా వినిపించే బదులు, అందులోంచి 10 నుంచి 500 మిల్లీసెకన్ల దాకా ఉండే చిన్న తునకలను తీసి, ఒక్కోదానికీ మొదలూ చివరా మెత్తగా అరగదీసి, పదుల సంఖ్యలో ఒకదానిమీద ఒకటి పేరుస్తూ పోతాం. ఆ తునకే గ్రెయిన్. తునకలను తీసే చోటును కదపకుండా ఉంచితే కాలం ఆగినట్టుంటుంది. మెల్లగా జరిపితే శ్రుతి మారకుండా పాట సాగుతుంది. ఆలోచన పాతదే. శబ్దాన్ని ఇలా చిన్న చిన్న అణువులుగా చూడవచ్చని భౌతిక శాస్త్రవేత్త డెనిస్ గాబర్ 1940లలోనే ప్రతిపాదించాడు. స్వరకర్త ఇయానిస్ జెనాకిస్ 1958–59లో టేపు ముక్కలు అతికించి అలాంటి సంగీతం చేశాడు. కర్టిస్ రోడ్స్ 1970లలో దాన్ని కంప్యూటర్ మీదకు తెచ్చాడు, బారీ ట్రూయాక్స్ 1986లో అప్పటికప్పుడు పలికించాడు. యూరోర్యాక్ (మాడ్యులర్ సింథ్‌లకు వాడే ఒక కొలతల ప్రమాణం) వాడేవారికి బాగా అలవాటు చేసింది మాత్రం 2014లో వచ్చిన మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి క్లౌడ్స్ అనే మాడ్యూల్. దాని కోడూ సర్క్యూటూ అందరికీ అందుబాటులో ఉన్నాయి. నాలాంటివాళ్లు చాలామంది వాటిని చదివే ఈ పనిలోకి వచ్చారు.

ఉన్న వనరులు

కొలతలు యూరోర్యాక్‌వే: ఎత్తు 128.5 మిల్లీమీటర్లు, వెడల్పు 5.08 మిల్లీమీటర్ల గడుల లెక్కన. 18 గడులు తీసుకున్నాను, అంటే సుమారు 91 మిల్లీమీటర్లు. సరఫరా ప్లస్ 12, మైనస్ 12 వోల్టులు. మెదడుగా ఎస్‌టీఎం32హెచ్750: 480 మెగాహెర్ట్జ్ వేగం, కార్టెక్స్-ఎం7 కోర్. పక్కన 64 మెగాబైట్ల ఎస్‌డీర్యామ్ మెమరీ. శాంప్లింగ్ 48 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకు 48,000 కొలతలు (శాంపిల్స్). శబ్దం 32 శాంపిల్స్ బ్లాకులుగా వచ్చిపోతుంది. అంటే బ్లాకుకు 0.667 మిల్లీసెకను వ్యవధి, అందులో 3,20,000 సైకిళ్లు. ఒక్కో శాంపిల్‌కు 10,000 సైకిళ్లు. ఏకకాలంలో 64 గ్రెయిన్లు పలకాలని గిరిగీసుకున్నాను కాబట్టి, ఒక్కో గ్రెయిన్‌కు శాంపిల్‌కు 156 సైకిళ్లకు మించి ఇవ్వలేను. అందులోనే కార్డు చదవడం, నాబ్‌లు చూడడం, దీపాలు వెలిగించడం కూడా సర్దుకోవాలి.

కంట్రోల్ వోల్టేజీ (స్వరం లాంటివాటిని బయటి నుంచి నడిపే వోల్టేజీ) లోపలికి వచ్చే దారి మాత్రం సాదాసీదాది. మైనస్ 5 నుంచి ప్లస్ 5 వోల్టుల దాకా వచ్చేదాన్ని 0 నుంచి 3.3 వోల్టుల మధ్యకు దించాలి. జాక్ నుంచి 100 కిలో ఓమ్‌లు, ఫీడ్‌బ్యాక్‌లో 33 కిలో ఓమ్‌లు, మైనస్ 10 వోల్టుల స్థిర రిఫరెన్స్ నుంచి 200 కిలో ఓమ్‌లు పెడితే లెక్క అచ్చంగా సరిపోతుంది. ఆ దారిలోని ఆప్-ఆంప్‌కు (వోల్టేజీని పెంచి తగ్గించే చిప్) 3.3 వోల్టుల సరఫరాయే ఇచ్చాను. ఎవరైనా పొరపాటున 12 వోల్టులు గుచ్చినా దాని అవుట్‌పుట్ 3.3 దాటదు, చిప్ బతుకుతుంది.

శ్రుతి సంగతి అంత తేలిక కాదు. ఒక వోల్టుకు ఒక ఆక్టేవ్ కాబట్టి సెమిటోన్‌కు 83.3 మిల్లీవోల్టులు, సెంటుకు (సెమిటోన్‌లో నూరో వంతు) 0.83. పది వోల్టుల పరిధిని 12 బిట్లతో కొలిస్తే మెట్టుకు 2.44 మిల్లీవోల్టులు, అంటే దాదాపు 3 సెంట్లు. గాయని చెవికి అది చాలు, తప్పు పట్టడానికి. చిప్‌లోని 16 బిట్ల కొలతను వాడి, దానిలోని తుళ్లింపును సగటు తీసి సరిచేశాను. 1 వోల్టు దగ్గరా 3 వోల్టుల దగ్గరా రెండు కొలతలు తీసుకుని బోర్డు బోర్డుకూ సవరణ రాసిపెట్టాను. ఆ సగటు తీయడమే తర్వాత కొంప ముంచింది.

రాత రాసేది ఒక్కసారే

మొత్తం డిజైన్‌లో నేను పట్టుకుని వదలని నియమం ఒక్కటే: గ్రెయిన్ పుట్టిన క్షణంలోనే దాని జాతకం మొత్తం రాసేయాలి. ఎక్కడ మొదలవుతుంది, ఎంత వేగంతో చదువుతుంది, ఎంతసేపు బతుకుతుంది, అంచులు ఏ ఆకారంలో అరుగుతాయి, ఎడమకెంత కుడికెంత బలం – ఈ అంకెలన్నీ పుట్టగానే నమోదవుతాయి. తర్వాత నాబ్‌లు ఎంత తిప్పినా ఆ గ్రెయిన్ వినదు. మార్పు వర్తించేది తరువాత పుట్టేవాటికే.

మొదట ఇలా చేయలేదు. మొదటి కోడ్‌లో ప్రతి గ్రెయిన్ ప్రతి బ్లాకులోనూ నాబ్‌ల వైపు చూసేది. నిడివి నాబ్ తిప్పగానే, సగం దారిలో ఉన్న గ్రెయిన్‌కు తాను ముప్పావు దారిలో ఉన్నానని తెలిసేది. దాంతో కిటికీ ఆకారం (మొదలూ చివరా అరగదీసే గీత) మీద ఒక చోటు నుంచి ఇంకో చోటుకు గెంతేది. ఆ గెంతే టక్కుమనే చప్పుడు. 64 గ్రెయిన్లు ఒకేసారి గెంతితే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. నాబ్ విలువలను మెత్తబరిచి చూశాను. టక్కులు కాస్తా గరగరలయ్యాయి. విసుగొచ్చి జాతకం పద్ధతికి మారితే, కోడ్‌లో మూడో వంతు అవసరం లేకుండా పోయింది.

చోటు లేనప్పుడు ఏం చేయాలో కూడా ఈ నియమమే చెప్పింది. 64 పలుకుతుండగా 65వది పుట్టబోతే చాలామంది పాతదాన్ని చంపి చోటిస్తారు. నేను కొత్తదాన్నే పుట్టనివ్వలేదు. అర్ధాయుష్షుతో పోయిన గ్రెయిన్ టక్కుమంటుంది. పుట్టనిది ఎవరికీ వినిపించదు.

శబ్దబలం విషయంలో మాత్రం ఒక తప్పటడుగు వేశాను. ఒకదానికొకటి సంబంధం లేని గ్రెయిన్లు కలిసినప్పుడు బలం వాటి సంఖ్యకు వర్గమూలంగా పెరుగుతుంది. సెకనుకు 40 గ్రెయిన్లు, ఒక్కోటీ 100 మిల్లీసెకన్లు అయితే సగటున ఏ క్షణంలోనైనా 4 పలుకుతుంటాయి, కాబట్టి మొత్తాన్ని 2తో భాగిస్తే చాలు. దీన్ని చివర్లో మొత్తం శబ్దానికి వర్తింపజేశాను. ఫలితం: ఒక నిడివైన గ్రెయిన్ ప్రశాంతంగా పలుకుతుండగా పదిహేను పొట్టి గ్రెయిన్లు వచ్చిపడితే, పెద్దది ఒక్కసారిగా కుంగి మళ్లీ లేచేది. ఆ బలాన్ని కూడా పుట్టుకలోనే, అప్పటికి ఎన్ని బతికున్నాయో చూసి రాసేయగానే ఆ ఊపు పోయింది.

ఇంకొక చిక్కు మిగిలింది. ఒక ట్రిగ్గర్‌కు 32 గ్రెయిన్లు ఒక్కసారే పుట్టే విధానం ఒకటి పెట్టాను. చోటును చెదరగొట్టే నాబ్ సున్నా మీద ఉంటే ఆ 32 కూడా ఒకే చోట, ఒకే వేగంతో మొదలవుతాయి. అప్పుడు వర్గమూలం లెక్క చెల్లదు. బలం నేరుగా 32 రెట్లవుతుంది, వర్గమూలంతో భాగించాక కూడా 15 డెసిబెల్స్ ఎక్కువ. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉండగా దీన్ని కనుక్కున్నాను, మరిచిపోయే అనుభవం కాదు. చేసిన పరిష్కారం చిన్నది: ఒకే ఘడియలో ఒకే జాతకంతో కవలలు పుట్టబోతే ఒకదాన్నే పుట్టిస్తాను. వినేవారికి ఏ తేడా ఉండదు, ప్రాసెసర్‌కూ హాయి.

16, 32ల రహస్యం

ఇప్పుడు ఆ చిటపటల కథ. ముక్కల నాబ్ చేసే పని, రికార్డింగును సమాన భాగాలుగా కోసి గ్రెయిన్లు ఆ భాగాల మొదళ్ల నుంచే పుట్టేలా చూడడం. పరీక్షకు నేను తయారుచేసుకున్న ఫైలు నిడివి 5,24,288 ఫ్రేములు (ఫ్రేము అంటే ఎడమ, కుడి శాంపిల్స్ జత). 2ను పంతొమ్మిదిసార్లు వేసి గుణించిన అంకె అది. ప్రోగ్రాములు రాసేవాళ్ల చేతికి అలాంటి అంకెలే ముందొస్తాయి.

ఇలాంటప్పుడు ప్రింట్ చేసి చూడడం దండగ, ఆ ప్రింటే కాలాన్ని తినేస్తుంది. ఖాళీగా ఉన్న ఒక పిన్‌ను బ్లాకు మొదలవగానే ఎత్తి, పూర్తవగానే దించి, ఆసిలోస్కోపులో చూశాను. 23 ముక్కల దగ్గర పల్స్ సుమారు సగం దాకా వచ్చి దిగుతోంది. 16 దగ్గర పల్స్ సాగిపోయి పక్కదానికి అంటుకుంటోంది. అంటే ఒక బ్లాకు పని ముగిసేలోపే ఇంకో బ్లాకు వచ్చిపడుతోంది. లెక్కల పని రెండుచోట్లా ఒకటే. తేడా మెమరీలో ఉండాలి.

ఎస్‌డీర్యామ్ దూరంగా ఉంటుంది. ప్రాసెసర్ దాన్ని నేరుగా తాకదు. 16 కిలోబైట్ల డేటా క్యాష్‌లోకి (కోర్ పక్కనే ఉండే చిన్న వేగమైన మెమరీ) 32 బైట్ల చొప్పున తెచ్చుకుని చదువుతుంది. ఆ క్యాష్‌ను 128 అరలు, అరకు 4 గదులు ఉన్న బీరువా అనుకోండి. ఏ చిరునామా ఏ అరలోకి వెళ్లాలో ముందే నిర్ణయమై ఉంటుంది, 4,096 బైట్లకోసారి అదే అర మళ్లీ వస్తుంది. నా స్టీరియో ఫ్రేముకు 4 బైట్లు. 5,24,288 ఫ్రేములను 16తో భాగిస్తే ముక్కకు 1,31,072 బైట్లు. అది 4,096కు సరిగ్గా 32 రెట్లు. అంటే 16 ముక్కల మొదళ్లూ ఒకే అరను అడుగుతున్నాయి. ఒకే ట్రిగ్గర్‌తో పుట్టిన గ్రెయిన్లు ఒకే వేగంతో అడుగులో అడుగు వేస్తూ నడుస్తాయి కాబట్టి, తర్వాతి అరకు వెళ్లినా అందరూ కలిసే వెళ్తారు. నాలుగు గదుల్లో పదహారు మంది. ఒకడు లోపలికి రావాలంటే ఇంకొకడు బయటికి పోవాలి. ఆ పోయినవాడు మరుసటి శాంపిల్‌కే తిరిగొచ్చి తలుపు తడతాడు. 23తో భాగిస్తే నిడివి సమంగా తెగదు. చిరునామాలు అరలన్నిటికీ చెదిరిపోతాయి, గొడవే ఉండదు.

అసలు దోషం నా లూపులది. ప్రతి శాంపిల్‌కూ 64 గ్రెయిన్లనూ వరసగా పలకరిస్తున్నాను. దాన్ని తిరగేశాను: ఒక గ్రెయిన్‌ను తీసుకుని దాని 32 శాంపిల్స్ పని మొత్తం పూర్తిచేసి, అప్పుడు ఇంకోదాని దగ్గరికి వెళ్లాలి. మామూలు వేగంలో 32 ఫ్రేములంటే 128 బైట్లు, అంటే 32 బైట్ల క్యాష్ లైన్లు నాలుగైదు. పాత పద్ధతిలో దురదృష్టవశాత్తూ ప్రతి చదువుకూ కొత్త లైను తేవాల్సి వస్తే బ్లాకుకు 2,048 సార్లు ఎస్‌డీర్యామ్ దాకా వెళ్లాలి. కొత్త పద్ధతిలో ఎంత దురదృష్టమైనా 320 సార్లే. లూపుల క్రమం మార్చడానికి పట్టింది పావుగంట. గ్రెయిన్ల జాతకాలను కూడా క్యాష్‌తో పనిలేకుండా కోర్‌కు ఆనుకుని ఉండే డీటీసీఎం మెమరీలోకి మార్చాను. ఆ మెమరీని ఈ చిప్‌లో మామూలు డీఎంఏ (ప్రాసెసర్‌ను కదపకుండా డేటా మోసే భాగం) తాకలేదు. ఆ సంగతి మరిచి ఆడియో బఫర్లను కూడా అందులోనే పెట్టి ఒక సాయంత్రమంతా నిశ్శబ్దాన్ని విన్నాను.

నిజానికి ఆ గాయని ఫైళ్లలో ఈ లోపం ఎప్పటికీ బయటపడకపోవచ్చు. ఏ ఆలాపన నిడివీ అంత చక్కటి అంకెగా రాదు. కానీ మైకులోంచి పట్టే విధానంలో నేను పెట్టుకున్న బఫర్ నిడివి కూడా 2ను పదేపదే గుణిస్తే వచ్చే అంకే. వేదిక మీదే బయటపడేది.

శ్రుతి పెంచినప్పుడు వచ్చే చిక్కు దీనికి తోబుట్టువే. రెండు ఆక్టేవ్‌లు పైకి చదివితే ఒక్కో శాంపిల్‌కు నాలుగు ఫ్రేములు దాటాలి, మెమరీ పని నాలుగింతలవుతుంది. పైగా అసలు శబ్దంలో 6 కిలోహెర్ట్జ్ పైన ఉన్నదంతా మడతపడి, సంబంధం లేని స్వరాలుగా కిందికి దిగుతుంది. దాన్నే అలియాసింగ్ అంటాం. నాలుగు బిందువుల హెర్మైట్ ఇంటర్‌పొలేషన్ (శాంపిల్స్ మధ్య విలువలను అంచనా కట్టే పద్ధతి) మొరటుతనాన్ని తగ్గిస్తుంది కానీ మడతను ఆపలేదు. అందుకే ప్రతి రికార్డింగుకూ సగం శాంపిల్స్‌తో ఫిల్టర్ చేసిన ఒక నకలు పక్కన ఉంచుతున్నాను. ఒక ఆక్టేవ్ కంటే పైకి వెళ్లే గ్రెయిన్ నకలును చదువుతుంది. అటు మడత చాలావరకు తగ్గుతుంది, ఇటు మెమరీ పనీ సగమవుతుంది. దీనికి మూల్యం నిడివి: 64 మెగాబైట్లలో పట్టే 349 సెకన్ల స్టీరియో కాస్తా 233 సెకన్లకు దిగింది. ఆవిడకు చెప్తే, “నాలుగు నిమిషాల ఆలాపన ఎక్కించుకుంటే అందులో వెతుక్కోవడానికే కచేరీ అయిపోతుంది” అని నవ్వేశారు.

ఒక అడుగు వెనక

రెండో నమూనా ఇచ్చిన వారానికి ఫోను వచ్చింది. “కొత్త స్వరం అడిగితే పాత స్వరమే పలుకుతోందండీ. ఒక్కోసారి రెండింటికీ మధ్యలో ఏదో పలుకుతోంది” అన్నారు. నా బల్ల మీద ఎంత ప్రయత్నించినా రాలేదు. నేను స్వరాన్ని చేత్తో మార్చి, ఆ తర్వాత ట్రిగ్గర్ నొక్కుతున్నాను మరి. ఆవిడ సీక్వెన్సర్ రెండింటినీ ఒకే క్షణంలో పంపుతుంది.

ట్రిగ్గర్ జాక్ నుంచి నేరుగా పిన్‌లోకి వస్తుంది, ఆలస్యమే లేదు. శ్రుతి వోల్టేజీ మాత్రం నేను పెట్టిన సగటు గుండా వస్తుంది. కొత్త విలువకు చేరడానికి మూడు మిల్లీసెకన్ల దాకా పడుతుంది. మామూలు ఆసిలేటర్‌లో ఇది ఎవరికీ పట్టదు. స్వరం మూడు మిల్లీసెకన్లలో జారి కుదురుకుంటుంది. నా గ్రెయిన్‌కు ఆ అవకాశం లేదు. అది పుట్టిన ఘడియలో వోల్టేజీ ఎక్కడుంటే అదే దాని నుదుటిరాత. 400 మిల్లీసెకన్ల గ్రెయిన్ ఆ తప్పు స్వరాన్నే చివరి దాకా మోస్తుంది. నేను గర్వంగా చెప్పుకున్న నియమమే, మరొకచోటి చిన్న ఆలస్యాన్ని చెవికి వినిపించే తప్పుగా పెంచింది.

నియమాన్ని సడలించాలా అని రెండు రోజులు ఆలోచించాను. మొదటి కొద్ది మిల్లీసెకన్లు వేగాన్ని మారనిచ్చి, తర్వాత బిగించవచ్చు. కోడ్ కూడా రాశాను. వింటే ప్రతి గ్రెయిన్ మొదట్లో చిన్న జారుడు, పిల్లి కూత లాంటిది. తీసేశాను. జాతకం మార్చకూడదంటే పుట్టుక ముహూర్తాన్నే జరపాలి. ట్రిగ్గర్ రాగానే మూడు బ్లాకులు, అంటే 2 మిల్లీసెకన్లు ఆగి, అప్పుడు వోల్టేజీ చదివి గ్రెయిన్‌ను పుట్టిస్తున్నాను. సగటు తీసే పద్ధతినీ మార్చాను. చిన్న తుళ్లింపులను మునుపటిలాగే మెత్తబరుస్తుంది. వోల్టేజీ పావు సెమిటోన్, అంటే సుమారు 20 మిల్లీవోల్టులు మించి గెంతితే మాత్రం సగటును పక్కనపెట్టి ఒకేసారి కొత్త విలువకు వెళ్తుంది.

మొదట భద్రంగా ఉంటుందని 5 మిల్లీసెకన్లు పెట్టాను. శ్రుతి పక్కాగా వచ్చింది కానీ డ్రమ్ము దెబ్బతో కలిపి పలికించినప్పుడు రెండూ విడివిడిగా తగిలాయి. 2 దగ్గర అది వినిపించలేదు.

రికార్డు తల, కూత, ఫైలు మొదట్లో టిక్కు

మైకులోంచి పట్టేటప్పుడు బఫర్ గుండ్రంగా తిరుగుతుంది. రాసే తల ముందుకు పోతూ పాతదాని మీద కొత్తది రాస్తూ పోతుంది. గ్రెయిన్ ఆ తలను దాటినా, తల గ్రెయిన్‌ను దాటినా, పాత శబ్దం నుంచి కొత్తదానికి గెంతి టక్కుమంటుంది. ఒక ఆక్టేవ్ పైన పలికే 100 మిల్లీసెకన్ల గ్రెయిన్ తన ఆయుష్షులో 200 మిల్లీసెకన్ల శబ్దాన్ని చదువుతుంది, ఆలోపు తల 100 ముందుకు పోతుంది. కాబట్టి అది తలకు కనీసం 100 మిల్లీసెకన్లు వెనక పుట్టాలి. నెమ్మదిగా చదివే గ్రెయిన్లకు ప్రమాదం ఇంకో వైపు నుంచి: బఫర్‌లో అతి పాత అంచు దగ్గర పుడితే తల వెనక నుంచి వచ్చి కమ్మేస్తుంది. ఇక్కడ మాత్రం జాతకం పద్ధతి నన్ను కాపాడింది. వేగం, నిడివి రెండూ పుట్టుకలోనే తెలుసు కాబట్టి ఢీకొంటుందో లేదో ఒక్క తీసివేతతో తేలిపోతుంది. ఢీకొనేలా ఉంటే మొదలయ్యే చోటును జరుపుతాను. బతికినంతకాలం మళ్లీ చూడనక్కర్లేదు.

సరిగ్గా 1,500 హెర్ట్జ్ దగ్గర సన్నని కూత ఒకటి ఉండేది. 48,000ను 32తో భాగిస్తే వచ్చే అంకె అదే కాబట్టి దొంగ ఎవరో వెంటనే తెలిసింది. పని అయిపోగానే ప్రాసెసర్‌ను నిద్రపుచ్చుతున్నాను. ప్రతి బ్లాకుకూ అది లేచి, పనిచేసి, పడుకోవడంతో కరెంటు సెకనుకు 1,500 సార్లు ఎగిసిపడి, ఆ ఊపు ఆడియో గ్రౌండ్‌లోకి పాకుతోంది. నిద్ర మాన్పించాను, చాలావరకు పోయింది. మూడో బోర్డులో డిజిటల్ గ్రౌండ్ తిరుగుదారిని ఆడియో భాగం పక్క నుంచి తప్పించాను, మిగిలిందీ పోయింది. మాడ్యూల్ కాస్త వెచ్చగా ఉంటుంది, అంతే.

కార్డులోని కొన్ని వేవ్ ఫైళ్ల మొదట్లో టిక్కుమనేది. వేవ్ ఫైలు శీర్షిక 44 బైట్లే ఉంటుందని నమ్మి అక్కడి నుంచి శబ్దంగా చదివాను. కొన్ని ఎడిటర్లు శబ్దానికి ముందు పేరు, తేదీ లాంటి వివరాల గుత్తులు పెడతాయి. ఆ అక్షరాలే టిక్కుగా వినిపించాయి. గుత్తి గుత్తి దాటుకుంటూ వెళ్లి, ‘డేటా’ అనే గుర్తు దొరికాకే చదవాలి. గుత్తి నిడివి బేసి అంకె అయితే ఒక బైటు అదనంగా దాటాలి. అది మరిచి ఇంకో సాయంత్రం పోగొట్టుకున్నాను.

ప్యానెల్ మీద

ఆరు పెద్ద నాబ్‌లు: చోటు, నిడివి, సాంద్రత, శ్రుతి, చెదురు, అంచు ఆకారం. ముక్కల సంఖ్యకు చిన్నదొకటి. పట్టి ఉంచే బటన్ అడుగున విడిగా ఉంది, చీకట్లో చెయ్యి వెతుక్కోకుండా. సాంద్రత నాబ్ మధ్యలో ఉంటే నిశ్శబ్దం, ట్రిగ్గర్‌కే పుడతాయి. ఎడమకు తిప్పితే గ్రెయిన్లు సమాన వ్యవధిలో, కుడికి తిప్పితే యాదృచ్ఛిక వ్యవధిలో పుడతాయి. సమాన వ్యవధిలో సెకనుకు 30, 40 దాటగానే ఆ పుట్టుక వేగమే ఒక స్వరంగా వినిపించడం మొదలవుతుంది. కొందరికి అది ఇష్టం. అపశ్రుతి వద్దన్న గాయని నాబ్ ఎప్పుడూ కుడి వైపే ఉంటుంది.

ఆవిడతో తేలని తగవు ఒకటి మిగిలింది. నిడివి ఎక్కువ ఉన్న గ్రెయిన్‌కు గమకం ఇవ్వాలని ఆవిడ కోరిక. శ్రుతి వోల్టేజీని మెల్లగా ఊపితే బతికున్న గ్రెయిన్లన్నీ ఊగాలి. నా నియమం ప్రకారం అవి ఊగవు. ఒకదాని తర్వాత ఒకటి కొత్త స్వరంతో పుడతాయి, మెట్లు మెట్లుగా వినిపిస్తుంది. చాలాకాలం కుదరదనే చెప్పాను. తర్వాత కూర్చుని, ఆ నియమం నిజంగా ఏ ఏ చోట్ల నన్ను కాపాడుతోందో ఒక్కొక్కటే చూశాను. వేగాన్ని మెత్తగా మారిస్తే టక్కులు రావు, అవి వచ్చింది నిడివి మార్చినప్పుడు. వేగం మారకూడదనేది రికార్డు తల లెక్క కోసమే. ఎక్కించిన ఫైలులోనూ, పట్టి ఉంచిన శబ్దంలోనూ రాసే తలే కదలదు.

కాబట్టి ఇప్పుడు వెనక వైపు ఒక జంపర్ (రెండు పిన్‌లను కలిపే చిన్న తొడుగు) ఉంది. అది పెడితే చెదురు జాక్‌లోకి వచ్చే వోల్టేజీ, బతికున్న గ్రెయిన్లన్నిటి వేగాన్నీ పైకీ కిందికీ రెండేసి సెమిటోన్ల వరకు ఊపుతుంది. శబ్దాన్ని పట్టి ఉంచినప్పుడు, లేదా ఫైలు ఎక్కించినప్పుడు మాత్రమే. మైకు నడుస్తున్నప్పుడు ఊపు పనిచేయదు. అలా ఎందుకో ప్యానెల్ మీద ఎక్కడా రాయలేదు. ఆవిడ అడగనూ లేదు. మొన్నటి కచేరీలో ‘ఆ’కారాన్ని పట్టి ఉంచే బటన్ నొక్కాకే గమకం మొదలుపెట్టారు.